తొమ్మిదో నిబంధన

మా ఆఫీసులో నన్ను రాతగాడంటారు. కథలూ కవిత్వమూ రాస్తానని కాదు, సర్క్యులర్లు రాస్తాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను రాసిన ఏ సర్క్యులరునీ ఎవరూ అమలు చేయలేదు. అందువల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు. మొట్టమొదటిసారి ఒకటి అమలైంది. ఆ పాపం సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు పరబ్రహ్మం. యువజన సాహస శాఖ జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటుని. యువతలో సాహసం పెంచడం మా శాఖ బాధ్యత. మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు పాడైన రోజున నేను సెలవు చీటీ కింద వాచ్‌మన్ చేతికిచ్చి ఇంటికి వెళ్లిపోతాను. వయసు యాభై నాలుగు. బరువు చెప్పను.

పోయినేడాది మా శాఖ తరఫున పన్నెండు మంది యువకులు దేవరమెట్ట అనే కొండ ఎక్కి పతకాలు తీసుకున్నారు. పేపర్లో కూడా పడింది. తరువాత తెలిసిందేమిటంటే, వాళ్లు కొండ కింద గెస్ట్ హౌసులోనే మూడు రోజులుండి బొంగు చికెన్ తిని వచ్చారు. ఎవరూ పట్టుకోలేదు. ఒకడు ఆ బొంగు చికెన్ ఫొటోని తేదీతో సహా తానే ఊరందరికీ చూపించుకున్నాడు.

మా జాయింటు డైరెక్టరు నీలాద్రి గారు నన్ను గదిలోకి పిలిపించారు. ఆయన మామూలుగా మాట్లాడినా డిక్టేషన్ ఇస్తున్నట్టే ఉంటుంది.

"పరబ్రహ్మం గారూ, సాహసం జరిగితే చాలదు. సాహసం జరిగినట్టు దాఖలా ఉండాలి. దాఖలా ఉండి సాహసం లేకపోతే ఎలాగోలా సర్దుకోవచ్చును. సాహసం ఉండి దాఖలా లేకపోతే, నేను పైకి ఏమని సమాధానం సమర్పించుకోను? తగు మార్గదర్శకాలు రూపొందించండి."

నాకు ఇంతకన్నా ఏం కావాలి? భోజనం క్యారేజీ విప్పకుండా కూర్చుని పద్నాలుగు నిబంధనలు రాశాను. ప్రతి కిలోమీటరుకీ ఒక ఫొటో ఉండాలి. ఫొటోలో శాఖవారి బ్యానరు ఉండాలి. ఎక్కడ తీశారో ఆ అక్షాంశ రేఖాంశాలు ఫొటో మీద పడాలి. ప్రమాదాల దృష్ట్యా సెల్ఫీలు నిషేధం. దళానికి ఒక్కరే అధీకృత ఛాయాగ్రాహకులు. వారి ముఖం చూపిస్తే తప్ప ఫొటో యాప్ తెరుచుకోదు. అలా రాసుకుంటూ వచ్చి తొమ్మిదో నిబంధన దగ్గర నాకు పూనకం వచ్చింది.

"ఫొటోయందు ముఖము స్పష్టముగా కనబడని సభ్యుడు లేక సభ్యురాలు సదరు కిలోమీటరు నడవనట్టుగా పరిగణించబడును."

మూడుసార్లు చదువుకుని టీ తెప్పించుకున్నాను. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టేవాళ్లకి కూడా అగ్గిపుల్ల గీసినప్పుడు ఇలాగే ఉంటుందనుకుంటాను.

పద్నాలుగో నిబంధనలో బహుమతి పెట్టాను. అందరికన్నా ఎక్కువ ఫొటోల్లో ఉన్నవారిని శాఖ తరఫున హిమాలయాలకి, ఇరవై ఎనిమిది రోజుల పర్వతారోహణ శిక్షణకి పంపుతారు. జిల్లాకి ఒకటే సీటు.

నీలాద్రి గారు చదివి పరవశించారు. "అత్యంత పకడ్బందీగా ఉన్నది. రచించినది తమరే గనుక దళనాయకుడిగా తమరే వెళ్లి అమలుపరచి రండి."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. వాళ్లు అదృష్టవంతులు, కిందికే కదా పడేది. నేను ఎక్కాల్సి వచ్చింది.

*

ఈసారి వెళ్లింది శిఖర యువజన సంఘం. పట్నంలో డిగ్రీ చదివే పిల్లలు పన్నెండు మంది. దేవరమెట్ట శిఖరం దాకా పదిహేడు కిలోమీటర్లు, మూడు రోజుల నడక, దారి పొడవునా అడవి. ఒక్కొక్కరి వీపున ఒక్కొక్క పెద్ద సంచి. సంఘం అధ్యక్షుడు సుహాస్ అనే కుర్రాడి సంచి అందరికన్నా ఉబ్బి ఉంటే ముచ్చటేసి విప్పించాను. గుడారం తీసేసి ఏడు చొక్కాలు పెట్టుకొచ్చాడు.

"పదిహేడు ఫొటోల్లోనూ ఒకే చొక్కా అంటే బాగోదు కద్సార్," అన్నాడు. నిబంధనల్లో గుడారం గురించి నేనేమీ రాయలేదు, కాబట్టి ఊరుకున్నాను.

ఆ పన్నెండు మందిలో కొర్రా జమున అనే అమ్మాయి ఉంది. రెండో సంవత్సరం డిగ్రీ, గిరిజన బాలికల హాస్టల్లో ఉంటుంది. సన్నగా, కాళ్లకి రబ్బరు చెప్పులతో ఉంది. బయల్దేరే ముందు నా దగ్గరికొచ్చి నిలబడింది.

"సారూ, ఆ మంచుకొండల ట్రైనింగు సీటు నిజంగానే ఇస్తారేటి?"

"నిబంధనలో ఉంది కదమ్మా."

"ఆ సర్టిఫికెట్ ఉంటే మా కొండల్లో గైడు పనికి బ్యాడ్జీ ఇస్తారంట సారూ. ఇప్పుడు టూరిస్టులకి దారి చూపించేది పట్నం కుర్రాళ్లే. ఆళ్లకి దారి చూపించేది మేం. బ్యాడ్జీ ఆళ్లకుంది, మాకు లేదు."

"బాగా నడువు, నీకే వస్తుంది," అన్నాను. ఆ మాట నేనన్నానని ఇప్పుడు ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

తరువాత అధీకృత ఛాయాగ్రాహకుల్ని నియమించాలి. ఎవరూ ముందుకి రాలేదు. అధ్యక్షుడు ఫొటోలో లేకపోతే సంఘం ఉన్నట్టే కాదన్నాడు సుహాస్. కార్యదర్శి కూడా అదే అన్నాడు. కోశాధికారికి కుడి చెయ్యి బెణికిందట. నేను జమున వైపు చూశాను. ఆ కొండలో ఏ రాయి మీద నిలబడితే ఫోనుకి సిగ్నలు వస్తుందో ఆ అమ్మాయికి తెలుసు. ఏ బండ మీదికైనా ఎక్కి అందరూ పట్టేలా తీయగలదు. ప్రతిభని గుర్తించడంలో నాకు నేనే సాటి అనుకుంటూ ఫోను ఆమె చేతిలో పెట్టాను.

"మరి నాను ఫొటోలో లేకపోతే ఎలాగ సారూ?"

నేను నవ్వాను. "పిచ్చిపిల్లా, ఫొటో తీసేవాళ్లు లేకుండా ఫొటో వస్తుందా? ఆ మాత్రం ఆఫీసుకి తెలియదా?"

ఇరవై ఆరేళ్లు అదే ఆఫీసులో పనిచేసినవాణ్ని, ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు.

*

మొదటి కిలోమీటరు నడవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఫొటోకి నలభై ఐదు. బ్యానరు కర్రలు పాతాలి, పొట్టివాళ్లు ముందు నిలబడాలి, నేను మధ్యలో ఉండాలి. జమున ఫోనుకి తన ముఖం చూపించేది, యాప్ తెరుచుకునేది, చెట్టో బండో ఎక్కి ఫొటో తీసేది, తీసినదాన్ని పంపడానికి సిగ్నలున్న రాయి దగ్గరికి పరుగెత్తేది. అక్కడ ఆఫీసులో ఫొటో ధ్రువీకరణ విభాగమని ఒకటి పెట్టారు. వాళ్లు సరే అన్నాక గానీ మేం కదలకూడదు.

రెండో కిలోమీటరు ఫొటో తిరిగొచ్చింది. "సభ్యుల ముఖములయందు ఉత్సాహము లోపించినది. యువత అలసినట్టు కనబడుట శాఖ ఆశయములకు విరుద్ధము."

అందరం మొహాలు కడుక్కుని, తలలు దువ్వుకుని, అరగంట నీడన కూర్చుని, ఉత్సాహంగా మళ్లీ నిలబడ్డాం. ఈసారి అంగీకరించారు. దాంతో మాకో పద్ధతి కుదిరింది. కిలోమీటరు రాయి ఇంకా వంద గజాలుందనగా ఆగిపోవడం, చెమట ఆరబెట్టుకోవడం, పౌడరు రాసుకోవడం, అప్పుడే కారు దిగినట్టు వెళ్లి నిలబడడం.

మూడో కిలోమీటరు ఫొటోలో బ్యానరు తిరగబడిందని వెనక్కి పంపారు. అప్పటికి మేం అర కిలోమీటరు ముందుకొచ్చేశాం. మళ్లీ దిగాం. సుహాస్ దిగేటప్పుడు చొక్కా మార్చుకున్నాడు, అదే కిలోమీటరుకి రెండు చొక్కాలు ఎందుకున్నాయని ఆఫీసు ఇంకో ప్రశ్న వేసింది. పొద్దుగూకేసరికి నాలుగు కిలోమీటర్లు నడిచి ముప్పై ఒక్క ఫొటోలు తీశాం. పోయినేడాది గెస్ట్ హౌసులో ఉన్నవాళ్లు మాకన్నా ఎక్కువ దూరం నడిచి ఉంటారని నా అనుమానం. వాళ్లు కనీసం కోళ్లు కొనడానికి సంతకి వెళ్లారు.

మర్నాడు ఐదో కిలోమీటరు ఫొటోకి ఉత్సాహం చూపించబోయి గెంతాను. మోకాలు పట్టేసింది. అడుగు తీసి అడుగు వేయలేకపోయాను.

నన్ను కిందికి దింపేస్తే సరిపోయేది. కానీ నాలుగో నిబంధన ప్రకారం దళనాయకుడు లేని ఫొటో చెల్లదు. నాలుగో నిబంధన రాసింది కూడా నేనే. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. జమున మాత్రం కత్తి పట్టుకుని పక్కనున్న పొదల్లోకి వెళ్లి ఒక వెదురుబొంగు నరికి తెచ్చింది. నా దుప్పటిని ఆ బొంగుకి ఉయ్యాలలా కట్టింది. అది డోలీ. కొండల్లో రోడ్డు లేని ఊళ్లవాళ్లు జబ్బుమనుషుల్నీ, నెలలు నిండిన ఆడవాళ్లనీ ఆస్పత్రికి మోసేది అలాగే.

నేను అందులో పడుకున్నాను. ముందు బొంగు జమున భుజాన, వెనక వైపు వంతులవారీగా మగపిల్లల భుజాన. కిలోమీటరు రాగానే నన్ను దింపేవాళ్లు. నేను బట్టలు దులుపుకుని బ్యానరు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి నవ్వేవాణ్ని. జమున బొంగు దింపి, భుజం రుద్దుకుని, ఫోనుకి ముఖం చూపించి, బండెక్కి ఫొటో తీసేది. మళ్లీ నేను డోలీలోకి, ఆమె బొంగు కిందికి. పడుకుని వచ్చినవాడికి అలసట ఎక్కడిది? ఆరో కిలోమీటరు నుంచి నా ముఖంలో ఉత్సాహాన్ని ఆఫీసువాళ్లు ప్రత్యేకంగా మెచ్చుకుంటూ వచ్చారు.

తొమ్మిదో కిలోమీటరు దగ్గర చీపురుపుట్టు అని పదిహేను ఇళ్ల ఊరు. అది జమున వాళ్ల ఊరని అక్కడికి వెళ్లాకే తెలిసింది. మేం మూడు రోజుల సాహసయాత్రగా ప్రకటించిన దారిలో ఆ అమ్మాయి సెలవులకి ఇంటికొస్తుంది, మళ్లీ హాస్టలుకి వెళ్తుంది. ఒక పూట నడక.

వాళ్లమ్మ గుమ్మంలో చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. కూతురి భుజాన బొంగు చూసి చేట కింద పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ఎవులికి బాగోనేదే? డోలీ పైకొస్తందేటి? ఆస్పత్రి కింద కదా!"

"ఆస్పత్రికి కాదమ్మా," అంది జమున రొప్పుతూ. "ఫొటోకి."

ఆమె దుప్పటి మడత తీసి లోపల నన్ను చూసింది. నేను నమస్కారం పెట్టాను. ఆమె లోపలికెళ్లి, అందరికీ గిన్నెల్లో చోడి అంబలి తెచ్చింది. నాకిస్తూ అడిగింది.

"బాబూ, పోయిన వానల్లో మా తోడికోడల్ని ఇలాగే కిందికి మోసీసేం. దార్లోనే పురుడొచ్చీసింది. ఈ డోలీ కూడా ఫొటోలో పడతాదేటి?"

"పడదమ్మా," అన్నాను. పడకుండా జాగ్రత్త పడుతున్నాం కూడాను. సిగ్గేసింది. అయినా అంబలి తాగాను, మళ్లీ డోలీ ఎక్కాను. సిగ్గుపడి డోలీ దిగిపోయానని చెప్పగలిగితే ఎంత బాగుండేదో.

*

మూడో రోజు మధ్యాహ్నానికి శిఖరం చేరాం. చేరామని జమున చెబితే నమ్మాం, ఎందుకంటే మబ్బు కమ్మేసి పక్కవాడు కనబడడం లేదు. ఫొటో తీసి పంపితే ఆఫీసు నుంచి ఈసారి నీలాద్రి గారే ఫోన్ చేశారు. శిఖరం మీద ఒక్క బండ దగ్గరే సిగ్నలుంది. నన్ను దాని మీదికి ఎక్కించారు.

"పరబ్రహ్మం గారూ! ఫొటోలో తమరున్నారు, బ్యానరున్నది. కొండ ఎక్కడ?"

"మేం దాని మీదే ఉన్నాం సార్. మబ్బు పట్టింది."

"మబ్బు అన్నది ఒక వ్యాఖ్యానం. నా కళ్లకి కనబడుతున్నది తెల్ల గోడ. ఈ ఫొటోని నేను పైకి పంపితే మీరు సున్నం వేయిస్తున్నారనుకుంటారు. శిఖరమన్నప్పుడు శిఖరం కనబడవలెను."

"మబ్బు విడిచేదాకా ఆగమంటారా సార్?"

"ఎన్ని రోజులకి విడుస్తుంది?"

జమునని అడిగాను. "ఈ నెలలో విడవదు సారూ," అంది.

ఫోనులో ఫ్యాను చప్పుడు వినబడింది. "అయితే కొండ ఫొటో ఒకటి ఫ్లెక్సీ వేయించి జీపులో పంపుతాను. దాన్ని పైకి తెప్పించుకుని, శిఖరం మీద కట్టి, దాని ముందు నిలబడండి. అక్షాంశ రేఖాంశాలు శిఖరానివే పడతాయి. కొండా కనబడుతుంది. ఇందులో అసత్యమేమీ లేదు."

నేను ఎంత వెతికినా అందులో అసత్యం దొరకలేదు. కొండ మీదికి కొండ బొమ్మని మోయడం ఏ నిబంధనకీ విరుద్ధం కాదు.

మోసింది ఎవరో చెప్పక్కర్లేదు. జమున ఆ సాయంత్రమే బయల్దేరి దిగింది. మేం తొమ్మిది మందిమి మూడు గుడారాల్లో ఇరుక్కుని, సుహాస్ చొక్కాలు కూడా కప్పుకుని వణికాం. మిగిలిన ముగ్గురు ఒక బండ చాటున దుప్పట్లు ముసుగేసుకుని నన్ను తిట్టారు. అధికారిని తిట్టడానికి వాళ్లకి అంతకన్నా ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి పదడుగుల ఫ్లెక్సీ చుట్ట భుజాన వేసుకుని మబ్బులోంచి వచ్చింది. పదిహేడు కిలోమీటర్లు దిగి, పదిహేడు ఎక్కింది. ముప్పై నాలుగు కిలోమీటర్లకీ ఒక్క ఫొటో లేదు.

ఫ్లెక్సీ విప్పితే దేవరమెట్ట కాదు. ప్రింటింగ్ షాపులో దొరికిన మంచుకొండ. నీలాకాశం, తెల్లటి శిఖరం, మూలగా ఏదో చాక్లెట్ కంపెనీ పేరు సగం చెరిపి ఉంది. జమున రొప్పు తీర్చుకుంటూ దాన్నే చూసింది.

"ఇది ఎక్కడుంది సారూ?"

"హిమాలయాల్లో అయ్యుంటుంది."

"ట్రైనింగు ఇక్కడేనేటి?"

"ఇలాంటిచోటే."

ఆమె చేత్తో ఆ మంచు తుడిచి చూసింది. తరువాత దాన్ని రెండు కర్రలకి కట్టి, ఫోనుకి ముఖం చూపించి, మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీసింది. ఆఫీసు నుంచి జవాబు నిమిషంలో వచ్చింది. "అద్భుతము. ఇన్నాళ్లకు కొండ కొండవలె ఉన్నది."

*

పదిహేను రోజులకి ఫలితాలొచ్చాయి. సుహాస్‌కి పద్నాలుగు ఫొటోలు లెక్కకొచ్చాయి. ఒకదాంట్లో కళ్లు మూసుకున్నాడు, ఒకదాంట్లో తుమ్మాడు, ఒకదాంట్లో జుట్టు సర్దుకుంటున్న చెయ్యి ముఖానికి అడ్డమొచ్చింది. మిగతా పిల్లలకి పన్నెండో పదమూడో వచ్చాయి. కొర్రా జమున పేరు ఎదురుగా సున్నా ఉంది. పక్కన ఎర్ర ఇంకుతో "యాత్రకు గైర్హాజరు" అని రాశారు. పదిహేడుకి పదిహేడు ఫొటోల్లో కళ్లు తెరిచి, చెమట పట్టకుండా, ఉత్సాహంగా కనబడిన సభ్యుడు ఒక్కడే.

హిమాలయ శిక్షణకి పరబ్రహ్మాన్ని ఎంపిక చేశారు. దళనాయకుడు సభ్యుడు కాదని గానీ, వయసు ఇంత మించకూడదని గానీ నేను ఎక్కడా రాయలేదు.

నేను వెంటనే నోట్ పెట్టాను. ఫొటోలన్నీ తీసింది జమునే గనక ఆమె అన్ని కిలోమీటర్లూ నడిచినట్టే అని. ధ్రువీకరణ విభాగం జవాబిచ్చింది. "ఫొటోలో లేని వ్యక్తియే ఫొటో తీసెననుటకు ఆధారమేమి?"

ఆమె ముఖం చూపిస్తేనే యాప్ తెరుచుకుంటుంది, ఆ వివరాలు యాప్‌లోనే ఉన్నాయి అని రాశాను. "యాప్ తెరిచినది ఆమె ముఖమే అయినను, కొండ ఎక్కినది ఆమె కాళ్లేననుటకు ఆధారము లేదు," అని వచ్చింది.

మిగతా పదకొండు మంది పిల్లల చేతా సంతకాలు పెట్టించాను. సుహాస్ కూడా పెట్టాడు, మంచి కుర్రాడే. అప్పుడు ధ్రువీకరణ విభాగం అసలు అస్త్రం తీసింది. "విచారణలో సదరు విద్యార్థిని అదే కొండపై గల గ్రామ నివాసి అని తేలినది. స్థానికులు కొండపై ఉండుట నివాసమగును గాని సాహసము కాజాలదు."

ఆ కాగితం చదివాక నాకు నిజంగా కోపం వచ్చింది. కోపం ఎవరి మీదా అని చూసుకుంటే, ఆ భాష అంతా నాదే. ఆ విభాగంలో కూర్చున్న కుర్ర గుమాస్తాలందరికీ నోట్ రాయడం నేర్పింది నేనే.

లిఫ్టు పాడైనా లెక్కచేయకుండా మెట్లెక్కి నీలాద్రి గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, నాకొద్దు. ఆ సీటు జమునకివ్వండి."

"అది అసాధ్యం. ఎంపికను తిరస్కరించినచో తమరు ఎక్కలేదని అంగీకరించినట్టు. తమరు ఎక్కలేదంటే పదిహేడు ఫొటోలూ అబద్ధం. వాటిని నేను ఇప్పటికే పైకి పంపి ఉన్నాను. పరబ్రహ్మం గారూ, తమరు ఎక్కి తీరవలెను."

"నా మోకాలు చూడండి సార్."

"మోకాలికి వైద్య ధ్రువపత్రం తెచ్చుకోండి. అనారోగ్యంతో ప్రయాణించే ఉద్యోగికి ఒక సహాయకుణ్ని అనుమతించే నియమం ఉన్నది కదా?"

ఉంది. అది కూడా నేనే రాశాను, మా పాత డైరెక్టరు గారి బావమరిది కోసం. ఆ రోజు మొదటిసారి నా రాత నాకు పనికొచ్చింది. ఉత్తర్వు నేనే తయారుచేశాను. "సహాయకురాలు కొర్రా జమున, శిక్షణయందలి సకల కార్యక్రమములలోను అభ్యర్థికి సహాయపడవలెను." 'సకల' అన్న మాట కింద గీత గీశాను.

హాస్టలుకి వెళ్లి చెప్పాను. చెప్పేటప్పుడు ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాను.

"గెలిచింది నువ్వు. పంపేది మాత్రం నా మనిషిగా. తప్పు నాదేనమ్మా. ఆ రోజు నువ్వడిగితే నేను నవ్వాను."

జమున అడిగింది. "మళ్లీ డోలీయేనేటి సారూ?"

"కాదు. ఈసారి నేను ఎక్కను."

"పేరు ఏదైతే ఏటి సారూ," అంది. "ఎక్కేది కొండే కదా."

*

హిమాలయాల్లో శిక్షణ శిబిరం బాధ్యుడు బిష్త్ అనే రిటైర్డు సుబేదారు. నన్ను కింది నుంచి పైకి చూసి ముందు డాక్టరుని పిలిచాడు. ఉత్తర్వు చూపించాను. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "అంటే ఈ అమ్మాయి నీకు అన్నింట్లో సాయం చేస్తుందా?" అన్నాడు హిందీలో.

"అవును."

"తాడెక్కడంలో?"

"సకల కార్యక్రమాల్లోనూ," అన్నాను, గీత గీసిన చోట వేలు పెట్టి.

ఆయన సైన్యంలో చాలా ఉత్తర్వులు చూసినవాడు. నవ్వాడు. "మాకు ఎవరి కాగితం మీద ఎవరొచ్చారన్నది అనవసరం. మంచం ఒకటి. దాని మీద ఎవరు పడుకుంటారో మీ ఇష్టం. తాడెక్కినవాళ్లకే మార్కులు."

ఇరవై ఎనిమిది రోజులూ నేను వంటగుడారంలో పొయ్యి దగ్గర బంగాళాదుంపలు తరిగాను. నాకు తెలిసిన విద్యల్లో అక్కడ ఉపయోగపడింది అదొక్కటే. జమున తాడెక్కింది, మంచు గోడెక్కింది, నీలం రంగు బూట్లు వేసుకుని శిఖరం ఎక్కి దిగింది. సాయంత్రాలు వచ్చి పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ ఆ రోజు సంగతులు చెప్పేది. ఒకసారి అంది, "సారూ, ఇక్కడి మంచు చేత్తో తుడిస్తే నిజంగా ఊడొస్తంది."

ఆఖరి రోజున అందరూ మంచుకొండ ఎదురుగా ఫొటోకి నిలబడ్డారు. బిష్త్ మధ్యలో నిలబడి, "ఎవరైనా ఒకరు తీయండి," అన్నాడు. జమున అలవాటు ప్రకారం వరస వదిలి ముందుకొచ్చి నా చేతిలోని ఫోను కోసం చెయ్యి చాచింది.

"నువ్వెళ్లి నిలబడు," అన్నాను.

"మరి మీరో? ఫొటోలో లేకపోతే మీ ఆఫీసోళ్లు..."

"తెలుసమ్మా. ఆ నిబంధన నేనే రాశాను."

మోకాలు పట్టేసింది, బండ ఎక్కలేకపోయాను. నేల మీదే నిలబడి తీశాను. కొంచెం వంకరగా వచ్చింది. కానీ ఒక్క ముఖం మాత్రం చాలా స్పష్టంగా ఉంది.

ఆ ఫొటో మా ఆఫీసుకి చేరింది. వెనకున్నది పాత ఫ్లెక్సీయేమోనని ధ్రువీకరణ విభాగం మొదట అనుమానపడిందట. తరువాత తొమ్మిదో నిబంధన తీశారు. ఫొటోలో కనబడనివారు నడవనట్టయితే, కనబడినవారు నడిచినట్టేనని తేల్చక తప్పలేదు. అక్కడ జమున స్థానికురాలు కూడా కాదు, కాబట్టి ఆ అభ్యంతరమూ వీగిపోయింది. శాఖ ముద్రతో సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు ఆమె మెడలో గైడు బ్యాడ్జీ ఉంది. దాని మీద ఆమె ఫొటో ఉంది.

ఆ ఫొటోలో నేను లేను గనక అదే నిబంధన కింద నాకు మెమో వచ్చింది. ఇరవై ఎనిమిది రోజులు అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు, ఎక్కని కొండను ఎక్కినట్టు చూపినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. కింద నీలాద్రి గారి సంతకం.

మామూలుగా అయితే నాలుగు పేజీలు రాసేవాణ్ని. ఆ ఫొటో తీసింది నేనేనని రాద్దామనుకున్నాను, కానీ దానికి ఆధారమేదీ? మా శాఖ చరిత్రలో ఒక నిబంధన కొండ ఎక్కనివాణ్ని సరిగ్గా పట్టుకోవడం అదే మొదటిసారి. రాసినవాడిగా గర్వపడాల్సిందే.

ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను.

"నిజమే, నేను ఎక్కలేదు. నన్ను మోశారు."